రెక్కలొచ్చాయి... కొండెక్కేదెప్పుడు?

పైలట్ లేకుండా తనంతట తానే ఎగిరే విమానం... ప్రభుత్వం ఒక్కదాని వల్లా కాదు, ప్రైవేటు కంపెనీ ఒక్కదాని వల్లా కాదు. ఇద్దరూ చేయి కలిపితేనే అది గాల్లోకి లేస్తుంది. కలిపిన చేతులు ఎన్నాళ్లు కలిసుంటాయి? శ్రీకాకుళం, విజయనగరం కొండలూ తీరమూ అడగాల్సిన ప్రశ్న అదే!

2014 అక్టోబరు 7. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) ఓ ప్రకటన చేసింది. నిబంధనలు తయారయ్యేదాకా ప్రభుత్వేతర సంస్థలుగానీ వ్యక్తులుగానీ పైలట్ లేని విమానాలను ఏ అవసరానికీ ఎగరేయకూడదన్నది దాని సారాంశం. సరిగ్గా అయిదు రోజులకు, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. పక్కనే ఉన్న విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ ఊపేసింది.

నాలుగేళ్లు గడిచాయి. 2018 ఆగస్టు 27న కేంద్రం డ్రోన్ల నిబంధనలు ప్రకటించింది. అమలు మాత్రం డిసెంబరు 1 నుంచి. ఆ రెండు తేదీల మధ్యలోనే అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను గాలి వేగం గంటకు 140-150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు పోయింది. ఫోన్లు మూగబోయాయి. ఏ ఊళ్లో ఎంత నష్టమో, ఏ దారి తెగిందో తెలుసుకోవాలంటే మనిషి నడిచి వెళ్లాల్సిందే.

రెండుసార్లూ తుపాను ముందొచ్చింది, రూలు తర్వాతొచ్చింది!

చిత్రమేమిటంటే... నిషేధం వెలువడిన రోజున పౌర విమానయాన మంత్రి విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు. ఆయన హయాంలోనే 2017 నవంబరులో డ్రోన్ల తొలి ముసాయిదా నిబంధనలు జనం ముందుకొచ్చాయి. 2024 జూన్‌లో అదే శాఖ పగ్గాలు అందుకున్నది శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. ఆకాశానికి తాళం పడిన నాడూ, తలుపులు తెరిచాక డ్రోన్లకు ఎర్ర తివాచీ పరిచిన నాడూ దిల్లీలో ఆ కుర్చీలో ఉన్నది ఈ రెండు జిల్లాల వాళ్లే.

తలుపులు తెరిచింది 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు. అనుమతి పత్రాలు తగ్గాయి, ఫీజులు తగ్గాయి. విమానాశ్రయం చుట్టూ ముందస్తు అనుమతి కావాల్సిన పరిధి 45 కిలోమీటర్ల నుంచి 12 కిలోమీటర్లకు కుదించుకుపోయింది. ఆ మర్నెలలోనే డ్రోన్లు తయారుచేసే కంపెనీలకు రూ.120 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించారు. మూడేళ్లు తిరిగేసరికి తేడా కళ్లకు కట్టింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు పడవలు వెళ్లలేని సందుల్లో మేడల మీదికి ఆహారం, మంచినీళ్లు మోసుకెళ్లింది డ్రోన్లే. ఆ మర్నెల 22, 23 తేదీల్లో అమరావతి డ్రోన్ సదస్సు జరిగింది. కృష్ణా తీరంలో 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీసి గిన్నిస్ రికార్డులకెక్కాయి. నవంబరులో రాష్ట్రానికి ప్రత్యేక డ్రోన్ విధానమూ వచ్చింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ కేంద్రం అందులో భాగం.

రెక్కలైతే వచ్చాయి. మరి సీతంపేట, సాలూరు, కురుపాం కొండల మీదికి మందు డబ్బా పట్టుకుని రోజూ వెళ్లేదెప్పుడు?

తనంతట తానే ఎలా?

పెళ్లిళ్లలో ఫొటోలు తీసే డ్రోన్‌కీ, మందులు మోసే డ్రోన్‌కీ చాలా తేడా ఉంది. మొదటిదాన్ని కింద నిలబడ్డ కుర్రాడు చేతిలోని మీటలతో ఆడిస్తాడు. అది ఆ కుర్రాడి కంటిచూపు దాటిపోకూడదు. రెండోదానికి మాత్రం బయల్దేరే ముందే దారంతా చెప్పేస్తారు. ఎక్కడ లేవాలి, ఎంత ఎత్తులో వెళ్లాలి, ఏ మలుపు దగ్గర తిరగాలి, ఎక్కడ దిగాలి... అన్నీ అక్షాంశ రేఖాంశాల లెక్కలో దాని మెదడులో పడతాయి. ఆ మెదడు పేరే ఆటోపైలట్.

ఇక ఎగిరినంతసేపూ ఉపగ్రహ సంకేతాలు అది ఎక్కడుందో చెబుతుంటాయి. గాలి పీడనాన్ని కొలిచే పరికరం ఎత్తు చెబుతుంది. ఎటు ఒరుగుతోందో, ఎంత వేగంగా కదులుతోందో చెప్పే చిన్న చిప్పులు వేరే ఉంటాయి. ఎదురుగాలి కొడితే మోటార్ల జోరు తనే పెంచుకుంటుంది. సంకేతం తెగినా, బ్యాటరీ తగ్గినా ముందే చెప్పిన పద్ధతిలో వెనక్కి తిరుగుతుంది, లేదంటే సురక్షితమైన చోట దిగుతుంది. కింద కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి పని... చూస్తూ ఉండటం, అవసరమైతే అడ్డుకోవడం.

ఆకారంలోనూ రకాలున్నాయి. నాలుగో ఆరో ఫ్యాన్లున్నవి ఉన్నచోటే నిలువునా లేస్తాయి. కానీ బరువంతా ఫ్యాన్లే మోయాలి కాబట్టి బ్యాటరీ త్వరగా ఖాళీ. రెక్కలున్నవి విమానంలా గాలి మీద తేలుతూ ఎక్కువ దూరం పోతాయి. కానీ వాటికి లేవడానికీ దిగడానికీ మైదానం కావాలి. కొండప్రాంతాలకు ఈ రెండింటి సంకరమే దిక్కు. నిలువునా లేచి, పైకెళ్లాక రెక్కల మీద సాగిపోయే రకమన్నమాట.

ఎవరి వంతు ఎంత?

ఇలాంటి విమానం తయారీలో ప్రభుత్వం, ప్రైవేటు ఎలా పంచుకుంటాయో చూడాలంటే ఇచ్ఛాపురం దాటి ఇదే తీరం వెంట ఉత్తరానికి వెళ్లాలి. ఒడిశాలోని చాందీపూర్ పరీక్షా కేంద్రంలో ‘అభ్యాస్’ అనే పైలట్ లేని విమానాన్ని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ఏళ్ల తరబడి పరీక్షించింది. శత్రు విమానంలా దూసుకెళ్తూ మన సైనికుల గురికి లక్ష్యంగా నిలవడం దాని ఉద్యోగం. లేచింది మొదలు అంతా తనంతట తానే ఎగురుతుంది. రూపకల్పన బెంగళూరులోని ప్రభుత్వ ప్రయోగశాల ఏడీఈది. తయారీ ప్రభుత్వరంగ హెచ్‌ఏఎల్‌ది, ప్రైవేటురంగ ఎల్ అండ్ టీది. 2024 జూన్‌లో ఆరు వరస పరీక్షలతో కలిపి పది అభివృద్ధి పరీక్షలు విజయవంతంగా ముగిశాయి.

ఇక్కడో కిటుకుంది. ఆ కంపెనీలు సరకు తయారయ్యాక వచ్చినవి కావు. ‘అభివృద్ధి-ఉత్పత్తి భాగస్వాములు’గా ముందు నుంచే లోపలున్నాయి. పైగా కొనేవాడెవరో అందరికీ తెలుసు. సైన్యం! కొనేవాడు తెలిసినప్పుడు కంపెనీ ధైర్యంగా పెట్టుబడి పెడుతుంది.

మందుల డ్రోన్‌కి అలా కొనేవాడెవరు? చిక్కంతా అక్కడే.

వికారాబాద్ దారి చూపింది

2021 సెప్టెంబరు 11న తెలంగాణలోని వికారాబాద్‌లో ‘మెడిసిన్ ఫ్రమ్ ద స్కై’ మొదలైంది. మందులు, టీకాలు మోసే డ్రోన్లకు దేశంలో జరిగిన తొలి పెద్ద పరీక్ష అది. రాష్ట్ర ప్రభుత్వం, వరల్డ్ ఎకనమిక్ ఫోరం, నీతి ఆయోగ్, అపోలో ఆసుపత్రుల హెల్త్‌నెట్ గ్లోబల్ ఒక వైపు. డ్రోన్ కంపెనీలు, కొరియర్ కంపెనీల జట్లు మరో వైపు. ఆకాశాన్ని వాడుకునే ప్రత్యేక మినహాయింపు కేంద్రం ఇచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు రాష్ట్రానివి. యంత్రం, నడిపే మనుషులు ప్రైవేటువాళ్లవి. ముందు కంటిచూపు మేర ఎగరేసి, ఆ తర్వాత చూపు దాటించారు.

అదే ఏడాది అక్టోబరు 4న మణిపూర్‌లో ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో డ్రోన్ టీకాలు మోసింది. బిష్ణుపూర్ నుంచి లోక్‌తక్ సరస్సులోని కరాంగ్ ద్వీపానికి రోడ్డూ నీళ్లూ కలిపి 26 కిలోమీటర్లు. గాల్లో 15 కిలోమీటర్లే. పావుగంటలోపే చేరింది! 2022 ఆగస్టు 15న అరుణాచల్‌లోని సెప్పా నుంచి కొండల మీదుగా మందుల డ్రోన్ ఎగిరింది. 2024 అక్టోబరు 29న దేశంలోని 11 పెద్ద ప్రభుత్వ వైద్యసంస్థల్లో డ్రోన్ సేవలను ప్రధాని ప్రారంభించారు. వాటిలో మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లూ ఉన్నాయి.

అంటే... డ్రోన్ మందు మోయగలదా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. మోయగలదు. వికారాబాద్‌లో జరిగింది పరీక్ష. పరీక్షకు మొదలూ ముగింపూ ఉంటాయి. రోగానికి ముగింపు తేదీ ఉండదు కదా! పరీక్ష రోజుల్లో కంపెనీ తన పేరు కోసం, అనుభవం కోసం ఖర్చు భరిస్తుంది. పరీక్ష ముగిసిన మర్నాటి నుంచి? బ్యాటరీలు, విడిభాగాలు, పైలట్ల జీతాలు, బీమా... నెలనెలా కావాలి. కొండమీది ఊరు ఆ బిల్లు కట్టలేదు.

పొలంలో ఈ బెడద లేదు. పురుగుమందు కొట్టే డ్రోన్ పది లీటర్ల ట్యాంకుతో ఎకరాన్ని పది నిమిషాల్లోపే చుట్టేస్తుంది. రైతు ఎకరానికింతని ఇస్తాడు. డ్రోన్ కొనడానికి ‘నమో డ్రోన్ దీదీ’ కింద మహిళా సంఘానికి 80 శాతం, గరిష్ఠంగా రూ.8 లక్షల దాకా సాయం చేసేలా కేంద్రం 2023 నవంబరులో నిర్ణయించింది. రైతు డబ్బు, సర్కారు సాయం, కంపెనీ యంత్రం... మూడూ కలిశాయి. కాబట్టి బండి నడుస్తుంది. మందుల డ్రోన్‌కి ఆ మొదటి ముక్కే లేదు.

వెయ్యి కొండల దేశంలో...

ఆ ముక్కను ఎలా అతకాలో ఆఫ్రికాలోని రువాండా చూపింది. దాన్ని ‘వెయ్యి కొండల దేశం’ అంటారు. వానొస్తే మట్టిదారులు కొట్టుకుపోతాయి. కాన్పు తర్వాత రక్తస్రావమైతే రక్తం సమయానికి అందడం గగనం. 2016 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం అమెరికా కంపెనీ జిప్‌లైన్‌తో ఒప్పందం చేసుకుని రక్తం సరఫరా మొదలుపెట్టింది. ఉండేలులాంటి యంత్రం రెక్కల విమానాన్ని విసురుతుంది. ఆసుపత్రి మీదికి వెళ్లాక అది దిగదు. చిన్న పారాచూట్‌తో డబ్బాను జారవిడిచి తిరిగొచ్చేస్తుంది.

ఇందులో గమనించాల్సింది విమానాన్ని కాదు, ఒప్పందాన్ని. రువాండా డ్రోన్లు కొనలేదు. రక్తం చేర్చే సేవను కొన్నది. విమానం పాతబడినా, కూలినా, కొత్త మోడల్ వచ్చినా ఆ తలనొప్పి కంపెనీదే. అక్కడి ఆసుపత్రుల లెక్కలు చూసిన పరిశోధకులు 2022లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. డ్రోన్లు వచ్చిన ఏడాదికి గడువు తీరి పారబోసే రక్తం 67 శాతం తగ్గింది. ఎందుకంటే... అడిగిన గంటలో వస్తుందన్న నమ్మకం కుదిరాక ఎవరూ ముందుగా తెచ్చి దాచుకోరు!

అంత దూరం ఎందుకు? మన దగ్గరా ఓ పాఠం ఉంది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో 108 సర్వీసు మొదలైంది. నిర్వహణ ఈఎంఆర్ఐది. దానికి అండగా నిలిచింది సత్యం సంస్థ అధినేత. ప్రభుత్వమూ ఒప్పందంతో తోడైంది. 2009 జనవరిలో సత్యం కుప్పకూలింది. 108 ఆగిందా? లేదు. నిర్వహణ జీవీకే చేతికి వెళ్లింది. ఆ తర్వాతా నడిపే కంపెనీలు మారాయి. కానీ జనానికి తెలిసిన నంబరు మారలేదు. కంపెనీ పోయినా సేవ మిగిలేలా ఉండటమే అసలైన భాగస్వామ్యం. మందుల డ్రోన్‌కి కావాల్సిందీ అలాంటి ఒప్పందమే.

కొండకు ఏం కావాలి?

2022 ఏప్రిల్ 4న విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఏజెన్సీ మండలాలు చాలావరకూ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా పేరు మారినా కొండ కొండే. సవరలు, జాతాపులు ఉండే గిరిశిఖర గ్రామాలకు వానాకాలంలో గెడ్డ పొంగితే దారి ఉండదు. నొప్పులు పడుతున్న గర్భిణిని డోలీ కట్టి మోసుకుంటూ దిగే దృశ్యం అక్కడ కొత్త కాదు.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. డోలీ మోతను డ్రోన్ ఆపలేదు. రెండు మూడు కిలోలు మోసే విమానం మనిషిని దించలేదు. దానికి రోడ్డే మందు. డ్రోన్ వస్తోంది కదా అని రోడ్డు వాయిదా పడితే అంతకంటే అన్యాయం ఉండదు.

మరి డ్రోన్ చేయగలిగిందేమిటి? పాము కాటుకు విరుగుడు ఇంజెక్షన్ అయిపోయిన ఆరోగ్య కేంద్రానికి తెచ్చివ్వగలదు. కుక్కకాటు టీకా మోయగలదు. మలేరియా, క్షయ, సికిల్ సెల్ అనుమానం ఉన్నవారి నమూనాలను పైనుంచి కిందికి ల్యాబ్‌కి చేర్చగలదు. రక్తం ఎక్కించే వసతి ఉన్న ఆసుపత్రికి రక్తం తేగలదు. పైకి మందు, కిందికి నమూనా... రెండు వైపులా బరువుంటేనే ప్రతి ట్రిప్పుకూ విలువ. కేంద్రం నడిపే ఖర్చు రోజుకు రెండు ట్రిప్పులైనా ఇరవై ట్రిప్పులైనా దాదాపు ఒకటే కాబట్టి ఎక్కువ తిరిగితేనే ట్రిప్పు ఖర్చు దిగుతుంది.

ప్రతిచోటా డ్రోన్ అక్కర్లేదు కూడా. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. ఉద్దానం ఊళ్లకు రోడ్లున్నాయి, పక్కనే జాతీయ రహదారి. అక్కడ ఆంబులెన్సు ముందు డ్రోన్ దిగదుడుపే. అదే ఉద్దానంలో తుపాను మర్నాడు లెక్క తిరగబడుతుంది. చెట్లు పడి రోడ్లు మూసుకుపోయినప్పుడు పైనుంచి తీసిన ఫొటోలు ఏ దారి ముందు తెరవాలో గంటల్లో చెబుతాయి. కూలిన కొబ్బరిచెట్ల లెక్కకూ ఆధారమవుతాయి.

కానీ... సెల్ టవర్ల మీద ఆధారపడి కబురందుకునే డ్రోన్, టవర్లు మూగబోయిన రోజున ఏం చేస్తుంది? తనంతట తానే దారి చూసుకోగల విమానం కావాలనేది ఇందుకే. దాన్ని నిరూపించాల్సిందీ ఇలాంటి చోటే. కొండల మధ్య గాలి ఒక్కోచోట ఒక్కోలా తిరుగుతుంది. లోయలో ఉపగ్రహ సంకేతం బలహీనపడుతుంది. ఎత్తుకు ఎక్కడానికి బ్యాటరీ ఎక్కువ తాగుతుంది. తీరంలో ఉప్పుగాలి మోటార్లను తింటుంది. ఎండవేళ మైదానంలో ఎగిరి చూపిస్తే సరిపోదు. శ్రావణంలో సీతంపేట మీద ఎగరాలి, కార్తీకంలో కవిటి మీద ఎగరాలి.

రూల్‌బుక్ ఏమంటోంది?

- 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్, 150 కిలోల దాకా మీడియం, ఆపైన లార్జ్. డ్రోన్ల కొలత ఇదీ.

- ఆకాశాన్ని మూడు రంగులుగా విడదీశారు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఎల్లో జోన్‌లో విమాన రాకపోకల్ని నియంత్రించే అధికారుల అనుమతి కావాలి. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి.

- నడుస్తున్న విమానాశ్రయానికి 8-12 కిలోమీటర్ల దూరంలో గ్రీన్ జోన్ 200 అడుగులకే పరిమితం. జీఎంఆర్ నిర్మాణం చేపట్టిన భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల డ్రోన్లకూ వర్తించే సూత్రం ఇదే.

- రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కి వయసు 18-65 ఏళ్ల మధ్య ఉండాలి, పదో తరగతి పాసవ్వాలి. అధీకృత సంస్థలో శిక్షణ పూర్తిచేయాలి.

- నానో తప్ప మిగతా డ్రోన్లకు థర్డ్ పార్టీ బీమా ఉండాలి.

సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు

రేపు ఏ కంపెనీ అయినా మన్యంలో డ్రోన్లు ఎగరేస్తామంటూ వస్తే స్వాగతించాల్సిందే. కాకపోతే ఒప్పందం మీద సంతకం పడేముందు నాలుగు సంగతులు తేలాలి.

ఒకటి... ఉచిత ప్రయోగం ముగిసిన మర్నాటి నుంచి బిల్లు ఏ పద్దు కిందకొస్తుంది? ఆరోగ్యశాఖదా, ఐటీడీఏదా? రువాండాలోలా సేవను కొంటారా, లేక డ్రోన్లు కొని స్టోర్‌రూమ్‌లో పెడతారా?

రెండు... లెక్కించేది ఏమిటి? ‘ఇన్నిసార్లు ఎగిరింది’ అన్నది కంపెనీ గొప్ప. ‘అడిగిన ఇన్ని నిమిషాలకు మందు అందింది, వాన రోజుల్లో ఇన్నిసార్లు అందలేదు’ అన్నది జనానికి కావాల్సిన లెక్క. ఎగరలేకపోయిన రోజుల లెక్క కూడా బయటపెట్టాలన్నది ఒప్పందంలోనే ఉండాలి.

మూడు... కూలితే ఎవరిది బాధ్యత? పైనుంచి తీసిన ఫొటోలు ఎవరి దగ్గరుంటాయి? కొండమీది ఇళ్లనూ పోడు భూములనూ రోజూ చూసే కన్ను అది. ఆ బొమ్మలు మందుల పనికి తప్ప మరి దేనికీ వాడకూడదన్న షరతు రాతపూర్వకంగా ఉండాలి.

నాలుగు... నడిపేదెవరు? బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో వచ్చిన సిబ్బంది ఏదో ఒకరోజు తిరిగి వెళ్తారు. పదో తరగతి పాసైతే శిక్షణకు అర్హత ఉన్నట్లే. అంటే గుమ్మలక్ష్మీపురం అమ్మాయీ సోంపేట అబ్బాయీ పైలట్ కావచ్చు. బ్యాటరీ మార్చడం, ఫ్యాన్ రెక్క బిగించడం, గాలి చూసి ‘ఈరోజు వద్దు’ అని చెప్పడం ఆ ఊరివాళ్లకే వస్తే కంపెనీ మారినా పని ఆగదు. ఆ కొండగాలి సంగతి వాళ్లకంటే ఎవరికి ఎక్కువ తెలుసు!

ప్రభుత్వం దగ్గర ఆకాశం ఉంది, ఆసుపత్రులున్నాయి, ఖజానా ఉంది. కంపెనీ దగ్గర యంత్రముంది, నేర్పుంది, తొందరుంది. ఒకరికొకరు అవసరమే. డ్రోన్ తొలిసారి కొండెక్కిన రోజు కెమెరాలొస్తాయి, రిబ్బన్ కోస్తారు, టీవీల్లో చూపిస్తారు. రెండో ఏడు శ్రావణంలో, గెడ్డ పొంగిన రోజున, ఏ కెమెరా లేకుండా మందు డబ్బా దిగితే... ఆ ఒప్పందం నిలిచినట్లు!